ఆటులోనా... పోటులోనా?

అయిదారేళ్ల పరిశోధన ఒకెత్తు. దాన్ని నలుగురి ముందూ నిలబెట్టుకోవాల్సిన ఆ గంటా గంటన్నరా మరో ఎత్తు. నెల్లూరు తీరాన్ని నమ్ముకుని పీహెచ్‌డీ చేసేవాళ్లు వైవాకి ఎలా సిద్ధపడాలంటే...

'ఈ నీళ్లు ఆటులో పట్టారా, పోటులో పట్టారా?'

చాలా చిన్న ప్రశ్న. కృష్ణపట్నంలో వల భుజాన వేసుకెళ్లే ఏ కుర్రాణ్ని అడిగినా ఆ పూట ఆటో పోటో ఠక్కున చెప్పేస్తాడు. కానీ ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకుని, పవర్‌పాయింట్ తెర పక్కన నిలబడ్డ పరిశోధక విద్యార్థికి మాత్రం ఆ క్షణాన నాలుక పిడచకట్టుకుపోతుంది. నాలుగేళ్లపాటు నెలనెలా ఉప్పుటేటి నీళ్లు సీసాల్లోకి పట్టారు. ఉప్పదనం కొలిచారు. పట్టికలు వేశారు, రంగురంగుల గ్రాఫులు గీశారు. సీసా ముంచిన వేళ ఏమిటన్నది మాత్రం... ఎక్కడో నోటుపుస్తకంలో ఉండాలి!

ఆ వేళకెందుకంత ప్రాధాన్యమంటే- పోటు వచ్చినప్పుడు సముద్రపు నీరు ఏట్లోకి ఎగదన్నుతుంది. ఉప్పదనం పెరుగుతుంది. ఆటులో పైనుంచి దిగే మంచినీరూ, రొయ్యల చెరువుల నుంచి వదిలిన నీరూ సముద్రంలోకి పోతాయి. ఒక నెల పోటులో, మరో నెల ఆటులో పట్టిన నీళ్లను పక్కపక్కనే పెట్టి 'ఉప్పదనం తగ్గింది' అని రాస్తే, తగ్గింది ఏరా... సమయమా? థీసిస్‌లో మూడో అధ్యాయం మొత్తం ఆ ఒక్క జవాబు మీద ఆధారపడి ఉంటుంది.

పీహెచ్‌డీ చివరి మెట్టయిన వైవా ఇలాగే ఉంటుంది. 'వైవా వోసీ' అంటే లాటిన్‌లో సజీవమైన గొంతుతో అని అర్థం. రాసింది చాలదు, నోటితో చెప్పాలి. అమెరికాలో దీన్నే 'డిఫెన్స్' అంటారు. అంటే కాపాడుకోవడం! మన పండితులకు ఈ తంతు కొత్తేం కాదు. శ్రీనాథుడు విజయనగరం వెళ్లి గౌడ డిండిమభట్టుతో వాదించి గెలిచి, ఆయన కంచుఢక్కా పగలగొట్టించాడన్న కథ తెలుగిళ్లలో పిల్లలకీ తెలుసు. ఈ రోజుల్లో ఢక్కాలు పగలవు కానీ గుండె దడ మాత్రం ఢక్కాకి తీసిపోదు.

గది దాకా వెళ్లాలంటే...

నెల్లూరు తీరమంటే పాత జిల్లా లెక్కలో కావలి నుంచి తడ దాకా. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగాక సూళ్లూరుపేట, తడ, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. అయినా ఏళ్ల తరబడి ఇక్కడ సీసాలూ బైనాక్యులర్లూ పట్టుకు తిరిగినవాళ్లకు అదంతా ఒకే తీరం. ఒకప్పుడు ఇక్కడి పిల్లలకు పీజీ అన్నా పరిశోధన అన్నా తిరుపతో, వాల్తేరో, మద్రాసో వెళ్లాల్సిందే. కావలిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పీజీ సెంటర్ వచ్చాక కొంత దగ్గరయింది. 2008లో నెల్లూరుకు సొంతంగా విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చింది. వెంకటాచలం మండలం కాకుటూరులోని దాని ప్రాంగణం నుంచి బయల్దేరితే కృష్ణపట్నం సముద్రం ఎంతో దూరం కాదు. మెరైన్ బయాలజీ విభాగం పెట్టడానికి ఇంతకంటే తగిన చోటేముంటుంది?

వైవా గదిలోకి అడుగుపెట్టే ముందు దాటాల్సిన గుమ్మాలు చాలానే ఉన్నాయి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో ఇచ్చిన నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కోర్సువర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. అవసరమైతే ఇంకో రెండేళ్ల పొడిగింపు. మహిళలకూ, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికీ మరో రెండేళ్ల సడలింపు. ప్రసూతి, శిశు సంరక్షణ కోసం 240 రోజుల దాకా సెలవు. పెళ్లయి, పిల్లాణ్ని చంకనేసుకుని థీసిస్ రాసే ఆడపిల్లలకు ఈ వెసులుబాటు ఎంత విలువైందో వాళ్లనే అడగాలి.

థీసిస్ అచ్చుకి ఇవ్వకముందే విభాగంలో అందరి ముందూ ఒకసారి ప్రజంటేషన్ ఇవ్వాలి. తర్వాత కాపీకొట్టారా లేదా అని సాఫ్ట్‌వేర్ చూస్తుంది. 2018 నిబంధనల ప్రకారం పోలికలు 10 శాతం లోపుంటే చిక్కులేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే సరిచేసి ఆర్నెల్లలోపు మళ్లీ ఇవ్వాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అదీ దాటాక థీసిస్ ఇద్దరు బయటి పరీక్షకుల దగ్గరికి వెళ్తుంది. వాళ్ల నివేదికలు సంతృప్తికరంగా వస్తేనే వైవా. ఒకరు బాగుందని, ఒకరు బాగాలేదని రాస్తే మూడో పరీక్షకుడికి పంపుతారు. సమర్పించిన నాటి నుంచి ఆర్నెల్లలో మొత్తం తంతు ముగించాలన్నది నిబంధన.

ఈ ఎదురుచూపుల కాలమే అన్నిటికన్నా కష్టం. ఫెలోషిప్ గడువు అయిపోయి ఉంటుంది. వయసు ముప్ఫై దగ్గర పడుతుంది, లేదా దాటుతుంది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో చుట్టాలంతా అడిగేది ఒకటే: 'ఇంకా చదువు అవలేదా?' ఆ మాటకు జవాబు చెప్పడం ఏ వైవాకీ తీసిపోదు! చాలామంది ఈ నెలల్లో థీసిస్ ముఖమే చూడరు. అక్కడే తప్పు జరుగుతుంది. తీరా వైవా తేదీ వచ్చేసరికి తాము రాసిందే తమకు కొత్తగా కనిపిస్తుంది.

కారణం రొయ్యా... రేవా?

ఉదాహరణకు కండలేరు ఉప్పుటేటినే తీసుకుందాం. కృష్ణపట్నం దగ్గర సముద్రంలో కలిసే ఈ ఏటి మీద పరిశోధన చేసిన ఓ అమ్మాయిని ఊహించుకోండి. నాన్న చిన్న రైతు. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. పరీక్షకుడు ఏమడగవచ్చు?

ఈ ఏటి కథ తెలిస్తే ప్రశ్న దానంతటదే తడుతుంది. 1990ల మొదట్లో నెల్లూరు తీరమంతా టైగర్ రొయ్యల సాగుతో హోరెత్తిపోయింది. వరి పొలాలు చెరువులయ్యాయి. కండలేరు గట్ల పొడవునా చెరువులే. అందరూ ఆ ఏటి నీళ్లే తోడుకునేవారు, వాడిన నీళ్లు మళ్లీ ఆ ఏట్లోకే వదిలేవారు. 1994-95 నాటికి వైరస్ జబ్బులు పట్టుకున్నాయి. ఒక చెరువులో పుట్టిన తెగులు నీళ్లతోపాటే పక్క చెరువుకీ పాకేది. పెట్టిన డబ్బు పోయి, తెచ్చిన అప్పు మిగిలింది ఎందరికో. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, సంప్రదాయ పద్ధతుల్లో చేసేవి తప్ప, తీర నియంత్రణ పరిధిలో రొయ్యల చెరువులు కూడదని తీర్పిచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వెన్నామి రొయ్యకు అనుమతి రావడంతో చెరువులకు మళ్లీ కళొచ్చింది. ఈలోగా 2008లో కృష్ణపట్నం రేవు మొదలైంది. ఆ తర్వాత నేలటూరు దగ్గర థర్మల్ కేంద్రమూ వచ్చింది.

ఇప్పుడు పరీక్షకుడి ప్రశ్న వినండి: 'ఏట్లో మార్పు వచ్చిందన్నారు సరే. అది రొయ్యల చెరువుల వల్లే వచ్చిందని ఎలా అంటారు? రేవు వల్ల కాదని, కరెంటు కేంద్రం వల్ల కాదని, వానల తేడా వల్ల కాదని ఎలా తెలుసు?'

థీసిస్‌లో ఒక్క వాక్యం తేలిగ్గా 'రొయ్యల సాగు కారణంగా' అని పడి ఉంటుంది. రాసేటప్పుడు చేయి అలా వెళ్లిపోయింది. పరీక్షకుడు సరిగ్గా అక్కడే వేలు పెడతాడు. ఇది గదిలో తేలిపోయే సంగతి కూడా కాదు. రేపు ఎవరో ఆ వాక్యాన్ని ఓ నివేదికలోకి ఎత్తుకుంటారు. దాన్ని చూసి ఓ అధికారి చెరువులకు నోటీసులివ్వవచ్చు, లేదా రేవుకు మచ్చలేదని రాయవచ్చు. ఏటి గట్టున చెరువున్న రైతుకీ, ఏట్లో చేపలు పట్టుకుని బతికే కుటుంబానికీ ఆ మూడు పదాలు అన్నం మీద వేటు పడినంత పని. కాబట్టి అమ్మాయి ముందే చూసుకుని 'ఈ నాలుగేళ్ల కొలతల్లో రెండిటికీ సంబంధం కనిపించింది. కారణం అదొక్కటేనని చెప్పడానికి నా దగ్గరున్న ఆధారం చాలదు' అని చెప్పగలిగితే చాలు. పరీక్షకుడు తల ఊపుతాడు. కొత్తవాళ్లకు ఈ మాట ఓటమిలా వినిపిస్తుంది. నిజానికి అనుభవమున్న పరీక్షకులు వినాలని కూర్చునేది ఇలాంటి జవాబే.

మరో ప్రశ్న కూడా దాదాపు ఖాయం. పట్టికలో ఓ నెల ఖాళీగా ఉంటుంది. 'ఇదేమిటి?' 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను నెల్లూరును ముంచెత్తినప్పుడు పడవ వేసుకుని నమూనాలకు వెళ్లడం ఎవరి తరం? నెల్లూరు తీరానికి వానలిచ్చేది ఈశాన్య రుతుపవనాలే. అంటే ఏట్లో మార్పులు ఎక్కువగా జరిగే నెలలూ, ఏటి దగ్గరికి వెళ్లలేని నెలలూ ఒకటే! ఖాళీని దాచిపెట్టి సగటు లెక్కతో పూడ్చినవాళ్లు దొరికిపోతారు. తుపాను అని నోటుపుస్తకంలో తేదీతో సహా రాసుకున్నవాళ్లు ధైర్యంగా పేజీ తీసి చూపిస్తారు.

గూడబాతులు చెప్పిన పాఠం

నోటుపుస్తకం విలువ తెలియాలంటే నేలపట్టు వెళ్లాలి. దొరవారిసత్రం మండలంలోని ఈ పల్లె చెరువును 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. వానలు మొదలవగానే గూడబాతులు వచ్చి, చెరువులో నీళ్లమధ్య నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. మేత కోసం మాత్రం పులికాట్ సరస్సు వైపు వెళ్తాయి. దేశంలో చిలికా తర్వాత అంతటి ఉప్పునీటి సరస్సు అదే.

ఈ గూడబాతుల మేత, సంతానోత్పత్తి మీద ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వి.నాగులు 1980ల తొలినాళ్లలో పీహెచ్‌డీ థీసిస్ సమర్పించారు. దక్షిణాదిలో గూడబాతులు గూళ్లు కట్టే చోట్ల మీద ఆయనా, జె.వి.రమణారావూ కలిసి చేసిన సర్వే 1983లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చింది. ఆ పక్షి గురించి రాసే శాస్త్రవేత్తలు తర్వాత కూడా వాటిని ఉటంకిస్తూ వచ్చారు. నెల్లూరు జిల్లాలో ఓ మారుమూల చెరువుగట్టు మీద పెట్టిన లెక్కలకు అంత ఆయుష్షు!

ఇలాంటి పరిశోధన చేసినవాళ్లను ఇవాళ వైవాలో కూర్చోబెడితే ప్రశ్నలు ఎలా ఉంటాయి? 'ఒకే గూటిని రెండుసార్లు లెక్కపెట్టలేదని ఏమిటి నమ్మకం?' చెట్లకు నంబర్లు వేసి, ఒకే గట్టు మీద ఒకే చోట నిలబడి, ఒకే వేళకు చూశామని చెప్పగలగాలి. 'కొమ్మల చాటున ఉన్న గూళ్ల సంగతి?' కనపడనివి ఎన్ని ఉండొచ్చో అంచనా కట్టిన పద్ధతి చెప్పాలి. 'పాత పుస్తకాల్లో గ్రే పెలికాన్ అని ఉంది, మీరు స్పాట్ బిల్డ్ పెలికాన్ అంటున్నారు. రెండూ ఒకటేనా?' ఒకటే. పేరు మారింది, పక్షి మారలేదు. 'ఈ జాతి ప్రమాదం అంచున ఉందా, లేదా?' ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంస్థ 2007లో దీన్ని 'ముప్పున్న జాతి' నుంచి ఓ మెట్టు తగ్గించి 'ముప్పుకు చేరువలో ఉన్న జాతి'గా మార్చింది. ఆ సంగతి తెలియకుండా పాత మాటే అప్పజెబితే పరీక్షకుడి కనుబొమలు పైకి లేస్తాయి.

రొయ్యల వాళ్లకూ ఇదే బాధ. వెన్నామి ప్రజాతి పేరును 1997లో పీనియస్ నుంచి లిటోపీనియస్‌గా మార్చారు. ఆ తర్వాత మళ్లీ పీనియస్ అనే రాస్తున్నారు. చెరువుగట్టు మీద ఎవరికీ పట్టని ఈ గొడవ వైవా గదిలో పది నిమిషాలు తినేయగలదు.

ఏట్లో తెలుగు... గదిలో ఇంగ్లిష్

తీరం మీద పరిశోధన చేసినవాళ్లకు ఇంకో కష్టం ఉంది. సమాచారమంతా తెలుగులో దొరుకుతుంది. ఎక్కడ ఏ చేప పడుతుందో, ఏ గాలికి ఏట్లోకి ఉప్పు ఎక్కుతుందో చెప్పేది మత్స్యకారులు, యానాదులు. 'పండుగప్ప ఇప్పుడెక్కడ పడతాందమ్మా, మా నాయన కాలంలో పడేది' అని ఓ పెద్దాయన అంటే అదో ముప్ఫై ఏళ్ల చరిత్ర. థీసిస్‌లోకి వచ్చేసరికి పండుగప్ప 'లేటస్ కాల్కారిఫర్' అవుతుంది. పెద్దాయన మాట 'స్థానికుల సమాచారం ప్రకారం' అనే మూడు పొడి పదాలవుతుంది. పరీక్షకుడు 'ఎవరు చెప్పారు? ఎంతమందిని అడిగారు? ఎలా అడిగారు?' అంటే ఆ పెద్దాయన మళ్లీ కళ్లముందుకు రావాలి.

తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు తడబడేదీ ఇక్కడే. విషయం తెలియక కాదు. తెలిసింది ఇంగ్లిష్‌లోకి సమయానికి రాక. ఇందుకు అనుభవజ్ఞులు చెప్పే ఉపాయం చాలా మామూలుది. పని మొత్తాన్నీ ముందు ఇంట్లో అమ్మకో తమ్ముడికో తెలుగులో పది నిమిషాల్లో అర్థమయ్యేలా చెప్పాలి. వాళ్లకు అర్థమైతే క్రమం కుదిరినట్టే. తర్వాత అదే క్రమాన్ని ఇంగ్లిష్‌లో, చిన్నచిన్న వాక్యాల్లో పైకి అనుకోవాలి. మనసులో చదువుకుంటే చాలదు. గొంతు వినిపించాలి. ఎంతైనా అది సజీవ స్వరపు పరీక్ష కదా!

ఇక హాస్టల్ గదిలో జరిగే మాక్ వైవా సరదాగానే ఉంటుంది. జూనియర్లు పరీక్షకుల వేషం వేస్తారు. ఒకడు కళ్లజోడు ముక్కు చివరికి జార్చి 'వాటీజ్ న్యూ ఇన్ యువర్ వర్క్?' అని గద్దిస్తాడు. అంతా నవ్వుతారు. నవ్వు ఆగాక తెలుస్తుంది, జవాబు రాలేదని! 'అక్కా, ఇంత పెద్ద థీసిస్‌లో కొత్తది ఏందో రెండు ముక్కల్లో చెప్పలేవా?' అని జూనియర్ పిల్ల అమాయకంగా అడిగితే ఆ రాత్రి నిద్ర పట్టదు. అదీ మంచిదే. తెల్లారేసరికి ఆ రెండు ముక్కలు దొరుకుతాయి.

బల్ల మీద థీసిస్ కాపీ తెరిస్తే తయారీ ఎలా సాగిందో ఇట్టే చెప్పొచ్చు. ప్రతి అధ్యాయానికీ రంగు చీటీ. అచ్చుతప్పుల జాబితా ముందే తయారు, పరీక్షకుడు చూపించేలోపు తామే ఇచ్చేయడానికి. పరీక్షకుల నివేదికల్లోని ఒక్కో వ్యాఖ్యకూ ఎదురుగా జవాబు, పేజీ నంబరు. ఆ పరీక్షకుడు స్వయంగా రాసిన పరిశోధన పత్రాలు రెండో మూడో చదివి ఉండటం కూడా తెలివైన పనే. ఆయన ఏ కోణం నుంచి అడుగుతారో కొంత తెలుస్తుంది.

ఊరికో పద్ధతి

ఒక్కో దేశంలో ఒక్కో తీరు. ఇంగ్లండ్‌లో తలుపులు మూసి ఇద్దరు పరీక్షకులతో జరుగుతుంది. నెదర్లాండ్స్‌లో సరిగ్గా గడియారం చూసి, దండం పట్టుకున్న అధికారి లోపలికొచ్చి 'హోరా ఎస్ట్' అంటాడు. అంటే వేళయింది అని. అభ్యర్థి వాక్యం మధ్యలో ఉన్నా ఆపేయవచ్చు. ఎంత హాయి! ఫిన్‌లాండ్‌లో డాక్టరేట్ ప్రదానోత్సవంలో టోపీ, కత్తీ ఇస్తారు. 1929లో కేంబ్రిడ్జిలో తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ వైవాకి రసెల్, మూర్ అంతటివాళ్లు పరీక్షకులు. చివర్లో ఆయనే వాళ్ల భుజం తట్టి, మీకిది ఎప్పటికీ అర్థం కాదులెండి అన్నాడని చెప్పుకుంటారు. మన పిల్లలెవరూ ప్రయత్నించకపోవడమే క్షేమం. మేరీ క్యూరీ 1903 జూన్‌లో పారిస్‌లో డాక్టరేట్ పరీక్షకు నిలబడింది. అదే ఏడాది డిసెంబరులో నోబెల్ అందుకుంది.

మన దగ్గర ఓపెన్ వైవా. విభాగంలోని అధ్యాపకులు, తోటి స్కాలర్లు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, అడగవచ్చు. వెనక వరసలో అమ్మానాన్నలు కూర్చోవడమూ మామూలే. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కన్నార్పకుండా చూస్తారు. ఒకటి మాత్రం చెప్పకతప్పదు. కొన్నిచోట్ల పరీక్షకుల బస, కారు, భోజనాలు, శాలువాల ఖర్చంతా విద్యార్థి నెత్తినే పడుతోంది. ఫెలోషిప్ ఆగిపోయి అప్పుల్లో ఉన్న పిల్లల దగ్గర ఈ మర్యాదలు ఆశించడం ఏం మర్యాద? ఇప్పుడు వైవా ఆన్‌లైన్‌లో కూడా జరపవచ్చని నిబంధనలు అంటున్నాయి కాబట్టి కొంత ఊరట.

చివరి ప్రశ్న అయ్యాక అభ్యర్థిని బయటికి వెళ్లమంటారు. వరండాలో ఆ పది నిమిషాలు! స్నేహితులు నీళ్లసీసా అందిస్తారు. నాన్న ఏమీ అడగడు. లోపల్నుంచి పిలుపొస్తుంది. గైడ్ ముఖం చూస్తేనే సగం తెలిసిపోతుంది. చప్పట్లు, లడ్డూలు, ఫొటోలు. ఆ సందట్లోనే పరీక్షకుడు ఓ కాగితం చేతిలో పెడతాడు. అందులో సవరణలుంటాయి: ఫలానా పటంలో కొలబద్ద వేయాలి. ఫలానా పట్టికలో నమూనా తీసిన వేళ చేర్చాలి.

అవి పూర్తయ్యాక థీసిస్ డిజిటల్ ప్రతి గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే 'శోధ్‌గంగ'లోకి చేరుతుంది. కృష్ణపట్నంలో సెల్‌ఫోన్ ఉన్న ఎవరైనా తెరిచి, తమ ఏటి గురించి ఏం రాశారో చూడొచ్చు. ఇంగ్లిష్ వస్తే. రానివాళ్లు మాత్రం ఆ అమ్మాయి మళ్లీ గట్టు మీద కనిపించినప్పుడు 'ఏమ్మా, పరీచ్చ అయిందా? మా ఏటికి ఏమైందని రాశావ్?' అని నేరుగానే అడిగేస్తారు.